ఓడినవాళ్ళే నీళ్ళు పోయాలి

తబ్రేజ్‌ని కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. మా ఆవిడ లావణ్య పట్టిన పట్టు విడిచే రకం కాదు, ఆవిడే ఓడిపోయింది.

2021 ఎండాకాలంలో అబుదాబి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా ఫ్లాట్‌లో ఏసీ ప్రాణం విడిస్తే మెయింటెనెన్స్ కంపెనీ అతన్ని పంపింది. సన్నగా, పొడుగ్గా, నలభై దాటిన మనిషి. నిచ్చెన ఎక్కాడు, దిగాడు, బాల్కనీలోకి వెళ్ళాడు, వచ్చాడు, ఫిల్టర్ కడిగాడు, మళ్ళీ ఎక్కాడు. లావణ్య టీ ఇచ్చి కుర్చీ చూపించింది. "పర్లేదు మేడం" అంటూ ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ తాగాడు. కాలుకాలిన పిల్లి చేతికి కప్పు ఇచ్చినట్టుంది. నాకు చిరాకేసింది. నేను ఒక కంపెనీలో కొనుగోళ్ళ విభాగంలో పనిచేస్తాను. రోజంతా కుర్చీలోనే ఉంటాను, కుర్చీ అంటే నాకు గౌరవం.

"ఏ ఊరయ్యా మీది?" అన్నాను, మాటల్లో పడితే నడక ఆపుతాడేమోనని.

"రాయచోటి సార్. మీరు కాకినాడ దిక్కు గదా? మాట ఇంటానే తెలిసిపాయ."

నడక మాత్రం ఆగలేదు. బాల్కనీ దగ్గరికి వెళ్ళి కిందనున్న ఖాళీ స్థలం వైపు చాలాసేపు చూశాడు. అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

"నేల బాగుండాది సార్. గట్టిగా ఉండాది. బంతి బాగా లేస్తాది."

"క్రికెట్ ఆడతావా?"

"క్రికెట్ కాదు సార్. గుద్దుబంతి. జర్మనీ వాళ్ళ ఆట."

రాయచోటి మనిషి, అబుదాబిలో, జర్మనీ వాళ్ళ ఆట. ఏసీ గ్యాస్ అతని తలకెక్కిందేమో అనుకున్నాను. తర్వాత రెండు మూడు సర్వీసుల్లో, నిచ్చెన మీద నుంచి కొంతా, బాల్కనీ గుమ్మం దగ్గర నుంచి కొంతా చెప్పుకొచ్చాడు. అదంతా కలిపితే కథ ఇదీ.

ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఒక ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో జర్మనీ నుంచి కొందరు ఇంజినీర్లు వచ్చారు. వాళ్ళలో హెల్ముట్ అనే ఆయన ఒకడు. సైట్లో ఎవడి నెత్తిన హెల్మెట్ లేకపోయినా కేకలేసేవాడు కనక మనవాళ్ళు ఆయనకి హెల్మెట్ సార్ అని పేరు ఖాయం చేశారు. ఆయన పుట్టిన పల్లెలో ఈ ఆట ఉంది, ఆటకో క్లబ్బు ఉంది, ఆ క్లబ్బు ఆయన తాతల నాటిది. ఆయనకి ఎడారిలో తోచక దానికో పిల్ల క్లబ్బు పెట్టాడు. ఆట పెద్ద కష్టమేం కాదు. వాలీబాల్‌కి దూరపు చుట్టం. రెండు గుంజల మధ్య వలకి బదులు ఎరుపు తెలుపు చారల పట్టీ ఒకటి మనిషి ఎత్తుకి కాస్త పైన కడతారు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. బంతిని పిడికిలితో గాని ముంజేతితో గాని కొట్టాలి, అరచెయ్యి తగలకూడదు. అసలు తేడా ఏమిటంటే బంతి ఒకసారి నేలకి తగిలి లేస్తే ఆట ఆగదు. ఒకసారి పడనిచ్చి, లేచాక తీరిగ్గా కొట్టచ్చు. రెండోసారి పడితేనే పోయినట్టు.

ఇసకలో బంతి లేవదు కదా. అందుకని హెల్మెట్ సార్ పనివాళ్ళుండే క్యాంపు వెనకాల స్థలంలో బంకమట్టి పోయించి, రోలర్‌తో తొక్కించి నేల తయారు చేయించాడు. ఆ నేలకి వారం వారం నీళ్ళు పడకపోతే పిండై గాలికి లేచిపోతుంది. అక్కడి నుంచే క్లబ్బు ఆచారం పుట్టింది. శుక్రవారం పొద్దున ఆట, నమాజు వేళకి ముగింపు. ఓడిన జట్టు వచ్చే వారం ఆట కోసం నేలకి నీళ్ళు పోయాలి. పట్టీ విప్పి, చుట్ట చుట్టి, గెలిచిన జట్టు చేతిలో పెట్టాలి. గెలిచినవాళ్ళు టీ తాగుతూ చూస్తుంటారు. ఇంజినీరైనా సరే, హెల్పరైనా సరే, ఓడితే బక్కెట్టు మొయ్యాల్సిందే.

మొదట్లో క్లబ్బులో అందరూ జర్మన్లే. పని అయిపోతున్నకొద్దీ ఒక్కొక్కళ్ళే పెట్టె సర్దుకున్నారు. ఖాళీ అయిన చోట్లలో క్యాంపువాళ్ళు చేరారు. క్యాంపువాళ్ళంటే రాయచోటి, కదిరి, నెల్లూరు. చివరికి జర్మన్ క్లబ్బులో జర్మన్ ఒక్కడే మిగిలాడు.

తబ్రేజ్ అప్పుడు ఆ సైట్లో హెల్పరు. పేరు పెట్టి పిలిచినవాడు లేడు. ఫోర్‌మ్యాన్‌కి "ఏయ్ హెల్పర్", ముదీర్‌కి, అంటే మేనేజరుకి, అది కూడా కాదు, చిటికె. హెల్మెట్ సార్ మాత్రం మొదటి శుక్రవారమే పేరడిగి, రెండుసార్లు పలికి చూసుకుని, పట్టీ అవతల నుంచి "తబ్రేజ్!" అని అరిచి బంతి వేశాడు. "ఆ పొద్దు రాత్రి నిద్ర పట్టల్యా సార్" అన్నాడు నాతో, నిచ్చెన మీద నుంచి.

అయితే ఆట మాత్రం అతనికి ఏనాడూ సరిగ్గా రాలేదు. ఊళ్ళో వాలీబాల్ ఆడిన చేతులవి. బంతి నేల తాకితే ఇంట్లో దీపం ఆరిపోయినట్టే అనుకునే బాపతు. బంతి గాల్లో ఉండగానే ఎగిరి గుద్దేవాడు, అది ఏ లారీ కిందికో పోయేది. హెల్మెట్ సార్‌కి వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో రెండు ఇతని కోసమే ఖర్చయ్యాయి. "గిర్‌నే దో, తబ్రేజ్! గిర్‌నే దో!" పడనీరా బాబూ, ఒకసారి పడనీ. తబ్రేజ్ పడనిచ్చేవాడు కాదు. అందుకే ఆ క్లబ్బులో అందరికన్నా ఎక్కువ నీళ్ళు మోసింది అతనే.

2018లో హెల్మెట్ సార్ రిటైరై వెళ్ళిపోయాడు. వెళ్తూ బంతి ఇతని చేతిలో పెట్టి క్లబ్బు నువ్వు చూసుకో అన్నాడట. రెండేళ్ళు చూసుకున్నాడు. తర్వాత కరోనా వచ్చింది. క్యాంపు గేటు మూశారు. కంపెనీ కుదేలైంది. సగం మంది ప్రత్యేక విమానాల్లో ఇళ్ళకి పోయారు. క్యాంపు గదులు కడిగినవాళ్ళు పట్టీనీ గుంజల్నీ చెత్తలో పారేశారు. తబ్రేజ్ ఏసీల కంపెనీలోకి మారాడు. క్లబ్బు ఖలాస్.

సరిగ్గా అప్పుడే, ఓ శుక్రవారం, జర్మనీ నుంచి వాట్సాప్ వచ్చింది. "ఆడుతున్నారా?"

ఇక్కడి మనవాళ్ళందరికీ ఒక జబ్బుంది, నాకూ ఉంది. ఇంటి నుంచి ఫోనొస్తే నోట్లోంచి వచ్చే మొదటి మాట, ఇక్కడంతా బాగుంది. జ్వరం కాస్తున్నా బాగుంది. పని ఊడినా బాగుంది. దూరాన ఉన్నవాళ్ళని కంగారు పెట్టడం కన్నా అబద్ధం చెప్పడం మర్యాద అని మనకి ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. తబ్రేజ్ జర్మనీ ఆయనకి కూడా అదే మర్యాద చేశాడు. ఫోన్‌లో పాత ఫోటో ఒకటి వెతికి పంపి, "బాగా ఆడినాం సార్" అని రాశాడు. ఆయన బొటనవేలు చూపించాడు. మరుసటి శుక్రవారం మళ్ళీ అడిగాడు. ఇంకో ఫోటో వెళ్ళింది. ఇక అది ఆగలేదు.

అబద్ధాన్ని నిజం చేసేస్తే పాపం పోతుందనుకున్నాడు కాబోలు, కరోనా సద్దుమణిగాక మనుషుల కోసం తిరగడం మొదలుపెట్టాడు. పాతవాళ్ళలో ఇద్దరు దొరికారు. ఒకరు నూర్ మొహమ్మద్ భాయ్, ముసఫా క్యాంపు మెస్సులో వంటమనిషి, పెద్దవాడు. ఇంకొకడు సోహైల్, నెల్లూరు కుర్రవాడు, కంపెనీ బస్సు నడుపుతాడు. కొత్తవాళ్ళని ఇద్దర్ని పట్టుకుంటే ఒక జట్టుకి సరిపోతుందనుకునేసరికి 2022 వచ్చి సెలవులే మారిపోయాయి. అంతవరకూ దేశం మొత్తానికి శుక్రవారం సెలవు. గవర్నమెంటు శని ఆదివారాలకి మార్చింది. కంపెనీలు ఎవరిష్టం వాళ్ళది అన్నాయి. తబ్రేజ్‌కి శుక్రవారమే ఉండిపోయింది. సోహైల్‌కి ఆదివారం అయింది. నూర్ భాయ్‌కి పేరుకి శుక్రవారం, వంటవాడికి సెలవేమిటి? అయిదుగురు దొరికిన వారం అయిదుగురికీ ఒకే రోజు దొరకదు. కరోనా కూడా చంపలేని క్లబ్బుని క్యాలెండర్ చంపింది.

అయినా ఇతను ఊరుకుంటేనా? బస్సులు మారి ఈ క్యాంపు నుంచి ఆ క్యాంపుకి పోవడం, గేటు దగ్గర నిలబడి "వాలీబాల్ వచ్చా భాయ్ నీకు?" అని దారిన పోయేవాళ్ళని అడగడం. ఒకసారి మా ఇంట్లో పని చేస్తూ భార్య తహ్మీనాతో ఫోన్ స్పీకర్లో మాట్లాడుతున్నాడు. లావణ్య పలకరిస్తే ఆవిడ గోల పెట్టింది.

"ఆ మనిషిని ఆడన్నా ఎవురూ కూర్చోబెట్టల్యాదా మేడం? సెలవకొస్తే ఇంట్లో ఉండడు. బస్టాండు కాడ, మార్కెట్టు కాడ, ఊరంతా తిరుగుతాంటాడు. నేనేమన్నా ఊరిని పెండ్లి చేసుకున్యానా?"

తబ్రేజ్ సిగ్గుపడి నవ్వాడు, నిచ్చెన దిగి బాల్కనీలోకి పారిపోయాడు.

2023 చివర్లో ఓ శనివారం, కంప్లైంట్ ఏమీ ఇవ్వకుండానే మా తలుపు తట్టాడు. మొహం పాలిపోయి ఉంది.

"కొంప మునిగింది సార్."

హెల్మెట్ సార్ వస్తున్నాడట. ఫిబ్రవరిలో కూతురి దగ్గరికి ఎక్కడికో వెళ్తూ అబుదాబిలో విమానం మారతాడు, ఓ ఆదివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఖాళీ. క్లబ్బుతో ఒక్కసారి ఆడాలని ఉంది, మా ఊరి క్లబ్బు నుంచి మీకు ఒకటి తెస్తున్నాను అని రాశాడు.

"నిజం చెప్పెయ్ తబ్రేజ్. మూతపడిందని చెప్పు. కరోనాలో ఎన్ని మూతపడలేదు?"

"యట్ల జెప్పేది సార్?" హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "నన్ను నమ్మి ఇచ్చి పోయినాడు. ఇన్నేండ్లు వారం వారం అబద్ధం జెప్పినా. ఆయన మొగం సూడల్ల గదా నేను? నా పేరు పెట్టి పిలిచినోడు సార్ ఆయన. ఆ పొద్దుకి అయిదుగురు నిలబడితే సాలు. ఒక్క పొద్దు. ఆయన సూసి పోతాడు."

"ఎవరున్నారు?"

"నేను, నూర్ భాయ్, సోహైల్. కొత్తోడు ఒగడు ఒప్పుకున్యాడు. ఇంగ..." అని నా వైపు చూశాడు.

నాకు ఆటలంటే పడదు. చిన్నప్పుడు డ్రిల్లు పీరియడ్‌లో కడుపునొప్పి నటించి బతికినవాణ్ణి. నా పొట్ట వైపు చూసుకున్నాను. లావణ్య వంటింట్లోంచి "వెళ్ళొస్తారు లెండి!" అని నా తరఫున మాటిచ్చేసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో నన్ను పరిగెత్తించే అవకాశం ఆవిడకి అదే మొదలు.

అప్పటి నుంచి ఫిబ్రవరి దాకా నాకు శాంతి లేదు. ఆఫీసులో మీటింగులో ఉంటే ఫోన్. "సార్, బూట్లు కొన్యారా?" బిల్లులు చూస్తుంటే ఫోన్. "సార్, పిడికిలి ఇట్ల బట్టల్ల, బొటనేలు బయట పెట్టల్ల. ఇరుగుతాది ల్యాకుంటే." అతని కంగారు జలుబులా నాకూ అంటుకుంది. రాత్రి మంచం మీద పిడికిలి బిగించి చూసుకుంటుంటే లావణ్య దూరంగా జరిగి పడుకుంది.

పెద్ద చిక్కు సెలవుది. ఆదివారం తబ్రేజ్‌కి డ్యూటీ. సూపర్‌వైజర్ కుదరదన్నాడు. అప్పుడు నేను, ఒక్క తప్పుడు బిల్లు మీద కూడా సంతకం పెట్టని మనిషిని, ఆ ఆదివారం మెయింటెనెన్స్ కంపెనీకి ఫోన్ చేసి ఏసీ పనిచెయ్యడం లేదని కంప్లైంట్ పెట్టాను. అవతల అమ్మాయి, "ఫిబ్రవరిలోనా సార్?" అంది. బయట చల్లగా గాలి వీస్తోంది. మా ఆవిడకి ఉక్కపోత ఎక్కువని చెప్పాను. తబ్రేజ్‌నే పంపండి, మా ఏసీ సంగతి అతనికే తెలుసు అని కూడా అన్నాను. ఉక్కపోత మాట విని లావణ్య నన్ను చూసిన చూపు సంగతి ఇక్కడ రాయను.

తబ్రేజ్ నిచ్చెన మా ఇంట్లో పెట్టి, యూనిఫాం మీద పాత క్లబ్బు చొక్కా తొడుక్కుని నా కారెక్కాడు. ఐకాడ్ దాకా ఒక కాలు కుదురుగా లేదు.

పాత క్యాంపు ఇప్పుడు లారీలు నిలిపే యార్డు. వాచ్‌మన్‌కి నూర్ భాయ్ బిరియానీ అంటే ప్రాణం కనక గేటు తెరుచుకుంది. వెనక గోడ పక్కన ఓ మూల మిగిలి ఉంది. అక్కడ డ్రైనేజీ మూతలు ఉండడం వల్ల లారీలు రావు. నేల మాత్రం పిండి పిండిగా ఉంది, కాలు వేస్తే దుమ్ము లేస్తోంది. సోహైల్ రెండు ఇనప పైపులు పాతి, వాటి మధ్య సైట్లో ప్రమాదం అని కట్టే ఎరుపు తెలుపు ప్లాస్టిక్ టేపు కట్టాడు. దూరం నుంచి చూస్తే పట్టీలాగే ఉంది. దగ్గరికొస్తే ఏదో గొయ్యి తవ్వుతున్నట్టుంది.

"అయిదోవాడేడి?" అన్నాను.

సోహైల్ నేల చూపులు చూశాడు. "వాడికి పొద్దునే దుబాయ్ జెబెల్ అలీలో డ్యూటీ యేశారన్నా. ఫోన్ జేసి ఏడస్తుండాడు."

తబ్రేజ్ గేటు దాకా పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. వాచ్‌మన్‌ని అయిదోవాడిగా నిలబెడదామా అన్నాడు. వాచ్‌మన్‌కి ఒక కాలు అవిటి. నూర్ భాయ్ మెస్సులో పొద్దుటి వంట ముగించి వచ్చాడు, రాత్రి వంట వేళకల్లా తిరిగి వెళ్ళాలి, లారీ నీడలో చతికిలబడి ఉన్నాడు.

"కూర్చో రా. సబర్. వచ్చేటోడు వస్తాడు. నీ ఉరుకులాటకి ఆ విమానమేమన్నా తొందరగా దిగుతాదా?"

"నా వల్ల కాదు భాయ్," అన్నాడు తబ్రేజ్.

ట్యాక్సీ వచ్చింది. బాగా ముసలాయన దిగాడు. ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమలు, ఒక మోకాలికి పట్టీ. నెత్తిన గడ్డి టోపీ. చేతిలో గుడ్డ సంచీ. మమ్మల్ని లెక్కపెట్టాడు, పైపుల్ని చూశాడు, టేపుని చూశాడు, కాలితో నేలని గీరి లేచిన దుమ్ముని చూశాడు. తబ్రేజ్ దగ్గరికొచ్చి భుజాల మీద చేతులేసి పేరు పెట్టి పిలిచాడు. పలకడం ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

తర్వాత సంచీలోంచి ఒక చుట్ట తీశాడు. మందపాటి నేత పట్టీ, ఎరుపు తెలుపు చారలు, అంచులు వెలిసిపోయి అక్కడక్కడా చేత్తో కుట్టి ఉంది.

"మా ఊరి క్లబ్బుది," అన్నాడు ఇంగ్లీషులో, ఆగి ఆగి. "మా క్లబ్బు మూసేశాం. కుర్రవాళ్ళు లేరు. ఆట స్థలంలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ఒక క్లబ్బు మూతపడితే దాని సామాను ఇంకా ఆడుతున్న క్లబ్బుకి ఇవ్వాలని మా పద్ధతి. మాకు మీరు తప్ప ఎవరూ లేరు."

ఆ చుట్టని తబ్రేజ్ చేతుల ముందు పెట్టాడు.

ఇక్కడ తీసుకుంటే కథ సుఖాంతం. నేనైతే, తీసుకోరా, తీసుకుని దణ్ణం పెట్టి పంపెయ్ అని లోపల్లోపల అరుస్తున్నాను. తబ్రేజ్ చేతులు ముందుకొచ్చాయి, మళ్ళీ వెనక్కి పోయాయి.

"వద్దు సార్," అన్నాడు. ఇంగ్లీషు రాక హిందీలోకి, హిందీ చాలక తెలుగులోకి దిగాడు. నేను పక్కన నిలబడి ఇంగ్లీషు చేశాను. "క్లబ్బు లేదు సార్. కరోనాలోనే పోయింది. ఫోటోలన్నీ పాతవి. నేను అబద్ధం జెప్పినా. సచ్చినోని గుడ్డలు ఇంగో సచ్చినోనికి కడతారా సార్? నాకియ్యొద్దు."

ఏడుస్తున్నాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు.

హెల్మెట్ సార్ తన నెత్తిన ఉన్న గడ్డి టోపీ తీసి, గుంజలా పాతిన పైపు మీద తగిలించాడు.

"నేను ఆడేటప్పుడు దీన్ని ఇక్కడే తగిలించేవాణ్ణి. వెళ్ళేటప్పుడు నాతో తీసుకెళ్ళిపోయాను," అన్నాడు. "నువ్వు పంపిన మొదటి ఫోటోలో గుంజ మీద ఈ టోపీ ఉంది."

ఆయనకి మొదటి వారమే తెలుసు! నేను ఆ ఫోటోలన్నీ చూశాను, తబ్రేజ్ చూశాడు, టోపీ మా కంట పడలేదు.

"మరి ఎందుకు అడిగారు సార్, వారం వారం?" అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది. ఈ మనిషి ఇన్నేళ్ళు ఎలా తిరిగాడో ఈయనకేం తెలుసు?

ఆయన చెప్పాడు. వాళ్ళ ఊరి క్లబ్బు కూడా అదే ఏడాది ఆగిపోయింది. ఆయన చిన్ననాటి స్నేహితుడు ఒకడు, పాత ఆటగాడు, మంచాన పడ్డాడు. ప్రతి శుక్రవారం ఈయన వెళ్తే, ఎడారిలో మనవాళ్ళు ఆడారా అని అడిగేవాడట. ఫోటో చూపిస్తే కాసేపు ఆట గురించి మాట్లాడేవాడు, ఎవడు ఎలా నిలబడ్డాడో తప్పులు పట్టేవాడు. కిందటి నెల పోయాడు.

"ఆ ఫోటో కోసమే అడిగాను. నీ ఒక్కడిదే కాదు అబద్ధం, ఇద్దరం చెప్పాం," అన్నాడు. "ఇప్పుడు ఇది ఎవరికివ్వాలో నాకు తెలియడం లేదు."

నూర్ భాయ్ లేచి, మోకాళ్ళు దులుపుకుని, "బాతాఖానీకేమి, రాత్రి వంటకి నేను పోవల్ల. ఆడతారా ల్యాదా?" అన్నాడు. సోహైల్ ప్లాస్టిక్ టేపు పీకేసి ముసలాయన తెచ్చిన పట్టీ కట్టాడు. నూర్ భాయ్ అంపైర్. అటు తబ్రేజ్, సోహైల్. ఇటు హెల్మెట్ సార్, నేను. ఆ ఆటకి ఇంతకన్నా అవమానం ఎప్పుడూ జరిగి ఉండదు. పిండి నేల మీద బంతి మోకాలి ఎత్తుకి కూడా సరిగ్గా లేవలేదు. నేను కొట్టిన మొదటి బంతి లారీ కిందికి, రెండోది నా మొహానికి. మోకాలి పట్టీ ఆయన, పొట్ట నేను, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నాం. కానీ ఎందుకో తెలియదు, నేను గట్టిగా నవ్వుతున్నాను.

తబ్రేజ్ ఎప్పటిలాగే ఎగిరెగిరి గాల్లోనే బాదుతున్నాడు, అన్నీ గోడకే పోతున్నాయి. చివరికి పాయింట్లు సమానమయ్యాయి. ఇంకొక్కటే అన్నాడు నూర్ భాయ్. హెల్మెట్ సార్ పిడికిలి తిప్పి బంతి ఎత్తుగా పంపాడు. అది తబ్రేజ్ నెత్తి మీదికే దిగింది. ఎగురుతాడు, ఇంకో లారీ కిందికి పోతుంది అనుకున్నాను.

ఎగరలేదు. చేతులు కిందికి వదిలి నిలబడ్డాడు. బంతి అతని ముందు నేల మీద పడింది, దుమ్ము లేపింది, కొంచెమే లేచింది. వంగి, ముంజేతితో మెల్లగా ఎత్తి, పట్టీ దాటించాడు.

అది నేరుగా ముసలాయన ముందుకే వచ్చింది. ఒకసారి పడింది. ఆయన అందుకోగలిగే దూరంలోనే లేచింది. ఆయన దానివైపు చూస్తూ నిలబడ్డాడు, రెండోసారి కూడా పడనిచ్చాడు. మోకాలి నొప్పో, ఇంకేమైనానో, నేను అడగలేదు.

"మనం ఓడాం," అన్నాడు నాతో, చాలా సంతోషంగా.

గుంజల దగ్గరికి నడిచి పట్టీ విప్పాడు. అంచులు సరిచేసుకుంటూ జాగ్రత్తగా చుట్ట చుట్టాడు. తబ్రేజ్ దగ్గరికెళ్ళి, "గెలిచినవాళ్ళకి," అని చేతిలో పెట్టాడు. ఈసారి వద్దనడానికి వీల్లేదు, క్లబ్బు ఆచారం. తబ్రేజ్ తీసుకున్నాడు.

తర్వాత నీళ్ళు. యార్డు కుళాయి దగ్గర డబ్బాలు నింపి ఆయనొకటి, నేనొకటి మోశాం. సోహైల్ పరిగెత్తుకొస్తే ముసలాయన కళ్ళెర్రజేశాడు. ఓడినవాళ్ళే పోయాలి. ఆ వయసులో, ఆ కాలుతో, ఆ రాత్రే విమానమెక్కి పోయేవాడు, మళ్ళీ ఈ దేశం రాడేమో, వచ్చే వారం ఆట కోసం నేలని మూల మూలా తడుపుతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే తబ్రేజ్ ఆ పట్టీ ఒళ్ళో పెట్టుకుని గోడ వారన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ట్యాక్సీ వెళ్ళిపోయాక కూడా లేవలేదు. మా ఏసీ కంప్లైంట్ ఏమైందని సూపర్‌వైజర్ ఫోన్ చేసేదాకా అలాగే ఉన్నాడు.

ఇక అంతా సర్దుకుందని మీరనుకుంటే పొరపాటు. ఆ గురువారమే తబ్రేజ్ ఫోన్.

"సార్, నీళ్ళు పోసి పెట్నాం గదా. వదిలేస్తే యట్ల?"

అయిదుగురు ఇప్పటికీ దొరకలేదు. దొరికినా రోజు కుదరదు. ఎవరిని అడిగినా ఆ క్లబ్బు ఎప్పుడో పోయిందనే చెప్తారు, అది నిజం కూడా. తబ్రేజ్, నూర్ భాయ్ శుక్రవారం పోతారు. గోడకేసి బంతి గుద్దుకుని, నేలకి నీళ్ళు పోసి వస్తారు. ఆదివారం సోహైల్, నేను పోతాం. నేల ఇంకా కొంచెం తడిగా ఉంటుంది. మేమూ కాసేపు గుద్ది, నీళ్ళు పోసి వస్తాం. నాకు కాళ్ళు నిలవడం లేదని, ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి హాల్లో తిరుగుతున్నానని లావణ్య అంటోంది. నేల గట్టిపడింది. బంతి ఇప్పుడు నడుము దాకా లేస్తోంది.

ఫోటోలు జర్మనీకి వెళ్తూనే ఉన్నాయి. వాటిలో మనుషులు ఉండరు, తడి నేల ఒక్కటే ఉంటుంది. ఆడుతున్నారా అని ఆయన ఇప్పుడు అడగడు. "ఎవరు ఓడారు?" అని అడుగుతాడు. శుక్రవారం తబ్రేజ్ "నేనే సార్" అని రాస్తాడు. ఆదివారం నేను రాస్తాను.